నలభై గింజల గాలి

మా తమ్ముడు తిప్పేస్వామి ఊరి నుంచి బెంగళూరు వచ్చినప్పుడల్లా వట్టి చేతులతో రాడు. జొన్నలో, కొర్రలో, పచ్చి శనక్కాయలో సంచిలో వేసుకుని, జిగణిలో మా ఇంటి మెట్లెక్కుతూనే "అక్కా, చెంబుడు నీళ్ళు" అని కేక వేస్తాడు. మొన్న మార్చిలో వచ్చినప్పుడు మాత్రం కేక వెయ్యలేదు. గోనెపట్టాలో చుట్టిన దేన్నో పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని వచ్చి, వంటింటి గట్టు మీద పెట్టి, పట్టా విప్పాడు. లోపల చిన్న మట్టికుండ. మూతి దగ్గర బొటనవేలంత పెచ్చు ఊడి ఉంది. ఆ పెచ్చు చూడగానే అది ఏ కుండో తెలిసిపోయింది. నేను ఆ కుండను చూసి అరవై ఏళ్ళు కావస్తోంది. దాని పెచ్చు ఊడగొట్టింది నేనే.

"మన పాతిల్లు తేలింది అక్కా" అన్నాడు తిప్పేస్వామి.

"ఇల్లు తేలడమేమిరా?"

"గాలిమరల కాడికి కొత్త దోవ వేస్తా ఉండారు. జేసీబీ వచ్చి దిబ్బ తవ్వింది. తవ్వితే గోడ బయటపడె. గోడలో గూడు, గూట్లో ఈ కుండ. ఆ డ్రైవరు బంగారమనుకొని నాకంటే ముందర చేయి పెట్టినాడప్పా. తీస్తే ఏముండాది? చింతగింజలు!" అని పగలబడి నవ్వాడు.

వాడు నవ్వితే ఎడమకన్ను మూతపడుతుంది, కుడికన్ను పడదు. కుడికంటి నల్లగుడ్డు మీద పాలచుక్క ఎండిపోయినట్టు తెల్లటి పొర, పసితనం నుంచీ ఉంది. "లెక్క తెలీని అవ్వ గింజలు గదా ఇవి. నా కన్ను తీసిన గింజలు. నీకు చూపిద్దామని తెచ్చినా" అన్నాడు. నేనూ నవ్వాను. ఈ మాటకు నవ్వడం నాకు కొత్త కాదు. పెళ్ళిళ్ళలో, దినాల్లో, నలుగురు చుట్టాలు చేరిన ప్రతిచోటా వాడు తన కంటి కథ చెబుతాడు. అవ్వకు లెక్క తప్పిందనీ, తప్పుడు లెక్క నమ్మి నాయన బండి కట్టాడనీ, ఆ గాలిలో తన కన్ను పోయిందనీ. అందరూ నవ్వుతారు. వాళ్ళతో పాటు నేనూ ఇన్నేళ్ళుగా నవ్వుతూ వచ్చాను. ఆ నవ్వు ఎంత సిగ్గులేనిదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. అది చెప్పాలంటే ముందు మా గాలి సంగతి చెప్పాలి.

నేను ఈ ఊళ్ళో ముప్పై ఏళ్ళు తెలుగు పంతులమ్మగా పనిచేశాను. ఏటా ఒక్కసారైనా పిల్లలకు వసంత వర్ణన చెప్పక తప్పేది కాదు. మామిడి చిగురు, కోయిల పాట, చల్లని పిల్లగాలి. పిల్లలు బుద్ధిగా రాసుకునేవాళ్ళు. నాకు మాత్రం పిల్లగాలి అనగానే పళ్ళ మధ్య ఇసుక కరకరలాడేది. మంచినీళ్ళు తాగి మళ్ళీ పాఠం మొదలుపెట్టేదాన్ని. మాకు వసంతమంటే భయం. అది ఎప్పుడొస్తుందో తెలుసు, వస్తే ఏం చేస్తుందో తెలుసు, ఎన్నాళ్ళుంటుందో మాత్రం ఒక్క మా అవ్వకే తెలుసునని ఊరంతా నమ్మేది.

మాది అనంతపురం జిల్లా అంచున, హగరి ఒడ్డు. నాలుగడుగులు వేస్తే కన్నడసీమ. హగరి పేరుకే ఏరు, ఏడాదిలో ఎక్కువ నెలలు దాని నిండా ఇసుకే. ఆ ఇసుకను పడమటి గాలి ఎత్తి తెచ్చి, మా ఊరి మీదుగా తోలి, తూర్పున దిబ్బలు పోసింది. కొత్తవాళ్ళు చూస్తే ఎడారి అంటారు. ఆషాఢంలో వీచే గాలి సీమంతా ఎరుగును. దానికి ముందే, కాముని పున్నమి దాటగానే, ఏటి ఒడ్డున ఉన్న మా నాలుగు ఊళ్ళకు మాత్రం ఒక గాలి వచ్చేది. దానికి వేరే పేరు లేదు. "గాలి వచ్చింది" అంటే అదే. ఆ గాలిలో దిబ్బలు కదిలేవి. నిన్న ఉన్న దోవ ఇవాళ ఉండదు. దోవ గుర్తుకు పాతిన తుమ్మకొయ్యలు మొన మాత్రం మిగిలి మునిగిపోయేవి. నా చిన్నప్పుడు మా దొడ్డిగోడకు పడమట యాభై అడుగుల దూరంలో ఉన్న దిబ్బ, నాకు తొమ్మిదేళ్ళు వచ్చేసరికి గోడను తాకింది. రోజూ పొద్దున నేను దొడ్లోకి వెళ్ళి అది ఎంత జరిగిందో కాళ్ళతో కొలిచి వచ్చి, ఎవరికీ చెప్పకుండా భయపడేదాన్ని.

గాలి రోజుల్లో ఇంటి పనులన్నీ తలకిందులయ్యేవి. తలుపు సందుల్లో, కిటికీ సందుల్లో పాతగుడ్డలు కుక్కి పైన పేడ మెత్తేవాళ్ళం. ఇంట్లో పగలు కూడా ఆముదపు దీపమే. ఆ ఆముదం కమురు, మూలనున్న పొట్టేలు వాసన, తడిపి ఆరేసిన కంబళ్ళ వాసన కలిసి ఇంట్లో ఒక బరువైన గాలి నిలిచేది. అయినా అది బయటి గాలి కంటే నయం. నీళ్ళ కడవలకు మూతిగుడ్డలు కట్టేవాళ్ళం. సంగటి ముద్ద తినాలంటే నేనూ అవ్వా ఒకే కంబళి తల మీద కప్పుకుని, దాని కింద పళ్ళెం పెట్టుకుని చీకట్లో తినేవాళ్ళం. అయినా ఇసుక వచ్చేది. "నమలొద్దు పాపా, మింగు" అనేది అవ్వ. ఇప్పటికీ నేను సరిగ్గా నమలనని డాక్టరు కోప్పడతాడు. పొద్దున లేవగానే చేటతో ఇంట్లోని ఇసుక ఎత్తి బయట పోయాలి, మధ్యాహ్నానికి అంతే ఇసుక మళ్ళీ లోపల ఉండేది. పడుకుంటే మిద్దె మీద ఎవరో పిండి జల్లిస్తున్నట్టు చప్పుడు. ఆ చప్పుడు ఆగితే ఇంకా భయం. ఆగిందంటే మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందోనని ఎదురుచూడాలి కదా.

అవ్వ లెక్క ఇదీ. పొద్దు గుంకే వేళ వాకిలి బయటి గూట్లో దీపం పెట్టాలి. నూరు ఎంచేదాకా దీపం నిలిస్తే అది గాలి దినం కాదు. ఆరిపోతే లోపలి గూట్లో ఉన్న కుండలో ఒక చింతగింజ వెయ్యాలి. అట్లా నలభై గింజలు నిండితే ఆ ఏటి గాలి అయిపోయినట్టు. మధ్యలో గాలి రెండు దినాలు ఆగవచ్చు, నాలుగు దినాలు ఆగవచ్చు. ఆగిందని మా వీధిలో ఎవరూ తలుపు సందులు విప్పరు, దిబ్బల దోవన బండి కట్టరు. "నిల్సిన గాలిని చూసి మోసపోతారప్పా జనం. అది పోయిండదు, ఊపిరి తీసుకుంటా ఉంటాది" అనేది అవ్వ. ఆ లెక్క అవ్వకు వాళ్ళ అత్త నేర్పింది. పొద్దున్నే నీళ్ళకు పోయే ఆడవాళ్ళు మా వాకిట్లో ఆగి "ఎన్నైనాయవ్వా?" అని అడిగేవాళ్ళు. "పదేడు", "ఇరవై రెండు" అని అవ్వ లోపలి నుంచే చెప్పేది. అట్లా చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఒక దర్జా ఉండేది. మాకు పొలం తక్కువ, గొర్రెలు తక్కువ. ఊళ్ళో మాకున్న మర్యాదంతా ఆ కుండలోనే ఉండేది.

ఏళ్ళ తరబడి ఇసుక కొట్టీ కొట్టీ అవ్వ కళ్ళు అప్పటికే మసకబారాయి. దీపం నిలిచిందో ఆరిందో ఆమెకు ఆనేది కాదు. అందుకని ఆ ఏడు చూసే పని నాకిచ్చింది. నేను నూరు ఎంచి, లోపలికి పరుగెత్తి, "ఆరిపాయ అవ్వా" అనేదాన్ని. ఆమె నడుముకు కట్టుకున్న వక్కలసంచిలో నుంచి ఒక గింజ తీసి నా చేతిలో పెట్టేది. ఆ గింజలు ఆమె వేళ్ళ మధ్య ఏళ్ళుగా తిరిగి నల్లగా, నూనె రాసినట్టు నున్నగా ఉండేవి. నేను మునివేళ్ళ మీద నిలబడి గూట్లోని కుండలో వేసేదాన్ని. టక్కుమనేది. ఆ చప్పుడు విని అవ్వ తల ఊపేది. తొమ్మిదేళ్ళ పిల్లకు ఇంటి మర్యాదంతా అప్పజెప్పానని ఆమె అనుకుందో లేదో నాకు తెలియదు.

ఆ ఏడు మా అమ్మ ఇంట్లో లేదు. కాన్పుకని దిబ్బల అవతల పుట్టింటికి వెళ్ళింది. మగబిడ్డ పుట్టాడని కబురు వచ్చింది, ఆ తర్వాత గాలి వచ్చింది, దోవ మూసుకుపోయింది. నన్ను కూడా తీసుకుపొమ్మని ఏడ్చాను కానీ, కళ్ళు ఆనని అవ్వకు తోడెవరని నాయన ఒప్పుకోలేదు. రోజూ "అమ్మను ఎప్పుడు పిల్చుకొస్తావు నాయనా?" అని అడిగితే, మా నాయన ఈరన్న, అసలే మాట తక్కువ మనిషి, కుండ వైపు చూపించి "గింజలు నిండనీ" అనేవాడు. అమ్మ చీర ఒకటి దండెం మీద ఉండేది. కంబళి కింద దాన్ని చుట్టుకుని పడుకునేదాన్ని. మొదట్లో దానికి అమ్మ వాసన ఉండేది. ఇరవై గింజలు దాటేసరికి ఇసుక వాసన తప్ప ఏమీ లేదు. ఆ రోజు నాకు పిచ్చి దుఃఖం వచ్చింది. అమ్మ నన్ను మరిచిపోతుందని, ఆ కొత్త బిడ్డతోనే ఉండిపోతుందని, ఈలోపల దిబ్బ గోడ దూకి వచ్చి మమ్మల్ని కప్పేస్తుందని అనిపించింది.

నా దగ్గర ఆరు ఆటగింజలు ఉండేవి. చింతగింజలే. ఒక పక్క బండ మీద అరగదీసి తెల్లగా చేసి పెట్టుకున్నవి. నేల మీద విసిరితే ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్ళు పావును జరుపుకునే ఆట. గాలి దినాల్లో అవ్వా నేనూ ఆడేవాళ్ళం, ఆమె చూడలేదు కనుక ఒక్కొక్క గింజా వేలితో తడిమి, చదునుగా తగిలితే తెలుపు, గుండ్రంగా తగిలితే నలుపు అని తేల్చేది. నేను ఓడిపోతే ఒక గింజను బండ మీద గరగర రుద్ది వేడెక్కించి నా చేతి మీద చుర్రుమనిపించేది. ఆ ఆరు గింజలనూ ఒక్కో సాయంత్రం ఒక్కొక్కటిగా కుండలో వేశాను. ఆ ఏడు రోజూ గింజలు ఎంచి అవ్వకు చెప్పేదీ నేనే కనుక ఆమెకు అప్పుడు అనుమానం రాలేదు. చప్పుడు కాకుండా వెయ్యాలని కుండలోకి చెయ్యి పెట్టి అడుగున జారవిడిచేదాన్ని. చివరిది వేసేటప్పుడు కుండ జరిగి గూటి రాతికి తగిలింది. మూతి పెచ్చు ఊడి పడింది.

"ఏమ్మే హంపీ, ఏమది?" అని అవ్వ నన్ను పేరు పెట్టి అడిగింది.

"పిల్లి అవ్వా" అన్నాను. మా ఇంట్లో పిల్లి లేదు. అవ్వ ఇంకేమీ అడగలేదు. 

సరిగ్గా అప్పుడే గాలి నిలిచింది. రెండు సాయంత్రాలు దీపం కదలకుండా వెలిగింది. మూడో రోజు పొద్దున అవ్వ కుండను ఒళ్ళో వంచుకుని అయిదేసి చొప్పున ఎంచింది. వీధిలో నుంచి అయిదారుగురు వచ్చి నిలబడ్డారు. నాయన కాడి భుజాన వేసుకునే ఉన్నాడు. నేను గోడకు కరుచుకుపోయి అవ్వ వేళ్ళనే చూస్తున్నాను. ఒక్కో గింజనూ తడిమి ఉంటే ఆమెకు అక్కడే తెలిసేది. ఆ రోజు ఆమె తడమలేదు, గబగబా ఎంచింది. మనవణ్ణి ఎత్తుకోవాలని ఆమెకూ ఉంది కదా. "నిండినాయప్పా. నలభై. విప్పండి తలుపులు" అంది. వీధంతా ఒక్కసారిగా బతికింది. గుడ్డలు పీకుతున్న చప్పుడు, పేడ పెచ్చులు రాలుతున్న చప్పుడు. మా నాయన నా నెత్తి మీద చెయ్యి పెట్టి "మధ్యాన్నం దాటేసరికి మీయమ్మ ఇంట్లో ఉంటాది" అన్నాడు. బండి దిబ్బల మధ్యకు వెళ్ళి కనబడకుండా పోయేదాకా చూసి, ఎగిరి గంతులేశాను.

మధ్యాహ్నానికి అవ్వ జొన్నరొట్టెలు తడుతోంది, నేను పొయ్యి ఎగదోస్తున్నాను. మూలనున్న పొట్టేలు లేచి నిలబడి తల గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. అవ్వ చేతిలోని పిండి అట్లాగే ఆగింది. లేచి తడుముకుంటూ వాకిట్లోకి పోయి, పడమటికి తిరిగి, అరచెయ్యి చాచి నిలబడింది. నేను ఆమె వెనక నుంచి చూశాను. ఏటి మీద ఆకాశం ఎర్రగా, బాగా కాల్చిన పెంకులా ఉంది. ఆ ఎరుపు కింద నుంచి పైకి లేస్తోంది.

"ఇది సచ్చిపోయే గాలి కాదే" అంది అవ్వ. తర్వాత నా వైపు తిరిగింది. ఆమెకు నా ముఖం కనబడదని తెలిసినా నేను తల దించుకున్నాను. "హంపీ, దీపం ఆరిన దినాలకే గదమ్మా గింజ వేసినావు?"

"ఆ" అన్నాను.

అబద్ధం అంత చిన్నదిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. అప్పుడే నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది? నాయన అప్పటికే బయలుదేరి ఉంటాడు, ఏమీ మారేది కాదు. ఈ మాట నాకు నేను వెయ్యిసార్లు చెప్పుకున్నాను. ఒక్కసారి కూడా ఊరట కలగలేదు.

రొట్టె కాలి మాడేలోపల పగలు చీకటైంది. గాలికి మిద్దె మీది తట్ట ఎగిరి ఎక్కడో పడింది. దిబ్బల్లో చిక్కుకున్నవాళ్ళకు దిక్కు తెలియడానికి మా వైపు ఒక పద్ధతి ఉండేది: మిద్దెక్కి ఇత్తడి తాంబాళం కొట్టాలి. గాలి పడమటిది, వాళ్ళు తూర్పు నుంచి రావాలి కనుక చప్పుడు వాళ్ళ దాకా పోతుంది. అవ్వ నా తలకూ ముఖానికీ తడిగుడ్డ చుట్టి, నడుముకు తాడు కట్టి, తాడు కొస తాను పట్టుకుని నన్ను నిచ్చెన ఎక్కించింది. "ఆపొద్దు మ్మే. చెయ్యి పడిపోయినా ఆపొద్దు" అంది. బోర్లా పడుకుని గరిటెతో కొట్టాను. ఇసుక చేతుల మీద సూదులు గుచ్చినట్టు తగిలేది. కళ్ళు తెరిస్తే ఎర్రటి చీకటి, మూస్తే మామూలు చీకటి. కింద నుంచి అవ్వ నాయన పేరు పెట్టి అరుస్తోంది, ఆ అరుపు నాకే సరిగా వినబడటం లేదు. వాళ్ళు చచ్చిపోతే నేనే చంపాననుకున్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల మనసులో ఆ మాట ఎంత స్పష్టంగా పలికిందంటే, ఈ వయసులో కూడా అంతకంటే స్పష్టమైన మాట నాకు ఇంకొకటి తెలియదు. ఆరు సార్లు కొట్టి, ఊపిరి పీల్చి, మళ్ళీ ఆరు సార్లు కొట్టాను. ఆరు ఎందుకో నన్ను ఎవరూ అడగలేదు.

పొద్దు గుంకక ముందే వచ్చారు. బండి లేదు. రెండు ఎద్దుల్లో ఒకటి లేదు. నాయన మిగిలిన ఎద్దు కొమ్ము పట్టుకుని నడుస్తున్నాడు, అమ్మ దాని తోక పట్టుకుని వెనకే ఉంది. చీర మడతల్లో రొమ్ముకు కట్టుకున్న మూట, అదే నా తమ్ముడు. దోవంతా గాలి ఎదురు. బండి ఇరుసు దాకా కూరుకుపోతే దాన్ని అక్కడే వదిలి, తాంబాళం చప్పుడు పట్టుకుని వచ్చామని తర్వాత చెప్పారు. అమ్మ ముఖం మట్టిబొమ్మలా ఉంది, కళ్ళ దగ్గర రెండు తడి గీతలు తప్ప. లోపలికి వచ్చి నన్ను దగ్గరకు లాక్కుని "గింజలు నిండినాయని చెప్తిరి గదా, అందుకే బయల్దేరితిమి తల్లీ" అంది. ఆమె ఒళ్ళు ఒకటే వణుకు. ఎన్ని వారాల నుంచో నేను అడిగిన అమ్మ వచ్చింది. నేను ఆమెను గట్టిగా పట్టుకోలేకపోయాను.

మూట విప్పితే బిడ్డ ఏడవడం లేదు. అవ్వ వాణ్ణి లాక్కుని కాళ్ళు పట్టి తలకిందులు చేసి వీపు తట్టింది. ముక్కులో నుంచి ఇసుక రాలింది, తర్వాత ఏడుపు వచ్చింది. ప్రాణం లేచి వచ్చినట్టయింది అందరికీ. కళ్ళ నిండా ఇసుక. అవ్వ తన నాలుకతో వాడి కళ్ళు రెండూ నాకి నాకి ఇసుక తీసి ఉమ్మింది. ఎడమకన్ను తెరిచాడు. కుడిది తెరవలేదు. చనుబాలు పిండారు, అమ్మ ఎర్రంచు చీర చింపి పసుపులో ముంచి కట్టారు. గాలి తగ్గాక పట్నం తీసుకుపోతే, గుడ్డు మీద పుండు పడి మానిందని, ఇక చూపు రాదని డాక్టరు చెప్పాడు. ఆ గాలి వాళ్ళు వచ్చిన రోజుతో కలిపి సరిగ్గా ఆరు దినాలు వీచి ఆగిపోయింది. దీపం గూట్లో నేనొక్కదాన్నే లెక్క పెట్టాను. ముప్పై నాలుగూ ఆరూ నలభై. అవ్వ లెక్క ఒక్క దినం కూడా తప్పలేదు. ఆ సంగతి తెలిసింది ఇంట్లో నాకొక్కదానికేనని చాలా ఏళ్ళు అనుకున్నాను.

మా వీధిలో మరో రెండు కుటుంబాలకు గొర్రెపిల్లలు పోయాయి. వాళ్ళొచ్చి వాకిట్లో నిలబడి అడిగితే అవ్వ బయటికి వచ్చి "అవునప్పా, లెక్క తప్పినా. ముసిల్దాన్ని, కండ్లు లేనిదాన్ని" అంది. ఆ మాటతో అన్నీ అయిపోయాయి. మరుసటి ఏడు గాలి వచ్చినప్పుడు మా వాకిట్లో ఎవరూ ఆగలేదు. అవ్వ దీపం పెట్టమనలేదు. కుండ గూట్లోనే ఉండిపోయింది. నీళ్ళకు పోయే ఆడవాళ్ళ మాటలు దగ్గరై, మళ్ళీ దూరమయ్యేదాకా ఆమె తలుపు వైపు చెవి పెట్టి కూర్చునేది. తమ్ముడికి మాటలు వచ్చాక పెద్దవాళ్ళ దగ్గర విని "లెక్క తెలీని అవ్వ" అని పిలిచేవాడు. ఆమె నవ్వి వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని ఆ కంటి మీదనే ముద్దు పెట్టేది. నన్ను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. మా చింతగింజల ఆట మాత్రం ఆగిపోయింది. ఆడదామని ఆమె అడగలేదు, నేనూ అడగలేదు. తర్వాత రెండేళ్ళకు మేనత్త నన్ను చదువుకని బెంగళూరు తీసుకొచ్చింది. బస్సు ఎక్కినప్పుడు పారిపోతున్నానన్న సంతోషం తప్ప నాకు ఇంకేమీ లేదు. నాలుగేళ్ళకు అవ్వ పోయింది. ఆ తర్వాత దిబ్బ మా ఇంటిని కప్పింది, నాయన ఊరి అవతలి కొసన ఇల్లు కట్టుకున్నాడు.

బెంగళూరులో ఆ గాలి లేదు, కానీ నాతో వచ్చిన భయానికి గాలితో పని లేదు. జిగణిలో రాళ్ళు కోసే ఫ్యాక్టరీల నుంచి తెల్లటి పిండిలాంటి దుమ్ము లేచి కిటికీల మీద పడుతుంది. మార్చి వచ్చిందంటే నేను తలుపు కింద తడిగుడ్డ పెడతాను. పక్కింటివాళ్ళు నవ్వుతారు. మా తమ్ముడు ఇప్పుడు గాలిమరల దగ్గర కాపలా పని చేస్తున్నాడు. కన్ను తీసిన గాలికే కాపలా ఉన్నానని వాడే నవ్వుతూ చెబుతాడు. "ఇప్పుడు గాలి ఎన్ని దినాలుంటాదో కంప్యూటర్ చెప్తాది అక్కా. గాలి నిల్సిపోతే కంపెనీవాళ్ళ మొకాలు చూడాల, ఒకటే దిగులు" అన్నాడు ఆ రోజు కాఫీ తాగుతూ. మేము గాలి ఆగితే దేవుడికి దణ్ణం పెట్టుకున్నవాళ్ళం. ఇప్పుడు గాలి ఆగితే దిగులుపడే మనుషులు మా ఊళ్ళో తిరుగుతున్నారు. దిబ్బల మీద తారు రోడ్డు పడింది. లోకం ఇంత మారాక ఒక పాత కుండలో ఏముంటే ఏమి అనుకోవాలి. అట్లా అనుకోవడం నాకు చేతకాలేదు.

తిప్పేస్వామి కుండను నేల మీద పరిచిన పేపరు పైన బోర్లించాడు. గింజలు రాలాయి. ఒక్కటీ పుచ్చలేదు, ఆ ఇసుకలో పురుగు కూడా బతకలేదు కాబోలు. నల్లటి నున్నటి గింజలు. వాటితో పాటు చిన్న గుడ్డమూట ఒకటి పడింది. "ఇదేందో వేరే ముడి కట్టి పెట్టింది ముసిల్ది" అంటూ విప్పబోతే ఆ గుడ్డ వాడి వేళ్ళలోనే పొడిపొడి అయింది. ఎర్రంచు. మడతల లోపల పసుపు ఇంకా ఉంది. వాడి కంటికి కట్టిన గుడ్డలోని ముక్క అది. అందులో ఆరు గింజలు, ఒక పక్క అరగదీసినవి.

అవ్వకు తెలుసు. ఆ కట్టు విప్పిన తర్వాత ఏదో ఒక రోజు ఆమె కుండను ఒళ్ళో పెట్టుకుని, ఈసారి తీరిగ్గా, ఒక్కో గింజా తడిమి ఉంటుంది. చదునుగా తగిలినవి తీసి పక్కన పెట్టి ఉంటుంది. అవి ఎవరివో ఆమె వేళ్ళకు తెలియదా? తెలిసీ, ఊరి ముందు ఆ తప్పును తన మీదే ఉండనిచ్చింది. నన్ను కాపాడటానికి దాచిందా, ఎప్పటికైనా నా ముందుకు రావాలని దాచిందా? ఆ ముడి చూస్తూ ఇది క్షమో శిక్షో నాకు తెలియలేదు. 

"ముప్పై నాలుగుండాయి. ఇవి ఆరు" అని తిప్పేస్వామి ఎంచి తలెత్తాడు. "ఎందుకు వేరే కట్టిందో నీకేమన్నా తెలుసునా అక్కా?"

తెలియదని చెప్పడం ఎంత సులువో నాకు తెలుసు. "ఆ" అన్నంత సులువు. కిటికీ బయట గాలికి తీగ మీది బట్టలు కొట్టుకుంటున్నాయి. నా చేతులు కొంగులో దాచుకుని చెప్పాను.

"అవి నా ఆటగింజలు రా. నేనే వేసినా. అమ్మ తొందరగా రావాలని. అవ్వకు లెక్క తప్పలేదు, తిప్పా. ఎప్పుడూ తప్పలేదు."

వాడు చేతిలోని గింజలు పేపరు మీద పెట్టేశాడు. బాగున్న కన్నుతో నన్ను చూశాడు, తర్వాత గింజల్ని చూశాడు. వాడు అరిచినా, లేచి వెళ్ళిపోయినా, ఏం చేసినా తీసుకుందామనే కూర్చున్నాను. ఆ నిశ్శబ్దానికి మాత్రం నేను సిద్ధంగా లేను. మిద్దె మీద గాలి ఆగినప్పటి భయమే అది.

"పాపం, ముసిల్దాన్ని ఎంతెంత మాటలన్నానే" అన్నాడు చివరికి. అంతసేపూ తన కన్ను గురించి ఒక్క మాట లేదు. తర్వాత "అట్లయితే నీకు ఆరు దినాలు ముందరే వచ్చింది గదా అమ్మ" అన్నాడు.

ఆ మాట కోపంతో అన్నాడో, జాలితో అన్నాడో వాడి ముఖంలో వెతికాను. వాడు తల వంచుకుని, ఆ ఆరింట్లో ఒక గింజ తీసుకుని, అరిగిన పక్క కిందికి పెట్టి, మా ఇంటి బండల మీద గరగర రుద్దడం మొదలుపెట్టాడు. ఈ ఆట వాడికి నేను నేర్పలేదు. అవ్వే నేర్పి ఉండాలి. బాగా వేడెక్కాక నా చెయ్యి కొంగులో నుంచి బయటికి లాగి, మణికట్టు మీద అద్దాడు.

చుర్రుమంది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వాడూ గింజ తియ్యలేదు.